డబ్బా మీద 4కె అని రాస్తే సరిపోదు, తెర మీదికి ఎంత వస్తుందో చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ వరంగల్ ఎడిషన్‌లో ఈమధ్య టీవీకి పెట్టుకుని నెట్ ద్వారా సినిమాలు, మ్యాచ్‌లు చూసే స్ట్రీమింగ్ బాక్సుల మీద వచ్చిన వ్యాసం, దాని మీద పాఠకులు రాసిన ఉత్తరాలు అన్నీ చదివాను. ఒకరు 4కె లేని బాక్స్ ఈ రోజుల్లో కొంటే డబ్బులు దండగ అన్నారు. ఇంకొకరు 1080పి చాలు, 4కె అంతా కంపెనీల ప్రచారం అన్నారు. మా స్టాఫ్‌రూంలో కూడా కొద్దిరోజులుగా ఇదే పంచాయితీ, లంచ్ బెల్లు కొట్టగానే మొదలవుతుంది, మళ్లీ బెల్లు కొడితేగానీ ఆగదు. నేను హనుమకొండలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. చుట్టాల ఇళ్లలో ఎవరు కొత్త టీవీ తెచ్చినా బిగించడానికి, సెట్టింగులు చూడటానికి నన్నే పిలుస్తారు కాబట్టి ఈ విషయంలో నాకు చెప్పాల్సింది చాలా ఉంది, కొంచెం పొడుగైనా వేసుకోమని కోరుతున్నాను.

ఆ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ మనం పైసలు పెట్టి కొన్నాక మన గోడకున్న తెర మీదికి అసలు ఎంత బొమ్మ వస్తుంది, ఆ సంగతి కొనేముందు మనకు ఎవరు చెప్తున్నారు అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. కంపెనీ చెప్పదు, షాపు వాళ్లకు తెలియదు, పత్రికల్లో వచ్చేది ఎక్కువగా కంపెనీ పంపిన సమాచారమే. నా బాధంతా ఇక్కడే.

ముందు రిజల్యూషన్ సంగతి చూద్దాం. 1080పి అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు (పిక్సెల్స్), మొత్తం సుమారు 20.7 లక్షలు. 4కె అంటే 3840, 2160, దగ్గరదగ్గర 83 లక్షలు, అంటే సరిగ్గా నాలుగింతలు. మన ఊళ్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీల్లో చాలావాటికి ఉండేది 1366, 768 చుక్కలు, పదిన్నర లక్షలు. దానికి 4కె బాక్స్ తగిలిస్తే ఆ బాక్స్ చేసేదల్లా బొమ్మను కుదించి పంపడమే.

ఇక కన్ను. మామూలు చూపున్న మనిషి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూడలేదు. మా పదో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన లెక్కే. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, దాన్ని 1920తో భాగిస్తే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు వస్తుంది. ఆ అర మిల్లీమీటరు కంటికి కలిసిపోయే దూరం ఐదున్నర అడుగుల చిల్లర. అంటే 43 అంగుళాల టీవీని ఆరడుగుల అవతల కూర్చుని చూసేవాళ్లకు 1080పికి, 4కెకి చుక్కల్లో తేడా తెలియదు. అదే 55 అంగుళాలకైతే ఏడడుగుల పైన, 65 అంగుళాలకు ఎనిమిదిన్నర అడుగులు. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీకి కూడా ఆరడుగుల దూరం దాటితే చాలు, దానికంటే ఎక్కువ చుక్కలున్నా కన్ను పట్టుకోలేదు. చూపు బాగా ఉన్న పిల్లలకు ఈ దూరాలు కొంచెం పెరుగుతాయి, దూరపు చూపు మందగించిన పెద్దలకు తగ్గుతాయి. మన ఇళ్లలో సోఫాకి, టీవీకి మధ్య మామూలుగా ఎనిమిది నుంచి పది అడుగులుంటుంది. షాపుకు పోయేముందు ఒక్కసారి టేపు పట్టుకుని కొలుచుకోండి, సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

మరి 1080పి చాలన్నాయన మాటే రైటు కదా అంటే, పూర్తిగా కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, ఇప్పుడు హనుమకొండ చౌరస్తాలో ఏ షాపుకు పోయినా ముందు చూపించేది 55 అంగుళాలదే. గదులు అవే, టీవీలు పెరిగాయి. 65 అంగుళాల టీవీ పెట్టుకుని ఏడడుగుల్లో కూర్చునే ఇంటికి 4కె పనికొస్తుంది, అది ప్రచారం కాదు, పైన చేసిన లెక్కే. పైగా సినిమాల యాప్‌లలో హెచ్‌డీఆర్ బొమ్మ, అంటే వెలుగునీడలు, రంగులు మరింత వివరంగా చూపించే బొమ్మ, ఎక్కువగా 4కెతో కలిపే ఇస్తారు, ఆ హెచ్‌డీఆర్ తేడా ఎంత దూరంలో కూర్చున్నా తెలుస్తుంది. మామూలు వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లు, అన్నీ కలిపితే 1 కోటి 67 లక్షల రంగులు. హెచ్‌డీఆర్‌లో ఒక్కో రంగుకు 1024 మెట్లు, మొత్తం 107 కోట్లు. సాయంత్రపు ఆకాశం చూపించినప్పుడు గీతలు గీతలుగా కనబడకుండా నున్నగా కనబడటం దీనివల్లే. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. హెచ్‌డీఆర్ సినిమాలను చాలావరకు 1000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే లెక్క) వెలుగును లెక్కలో పెట్టుకుని తయారుచేస్తారు, మనం కొనే చవక టీవీల వెలుగు మాత్రం 250, 300 నిట్ల దగ్గరే ఆగిపోతుంది. అలాంటి టీవీలో హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ మెరవకపోగా చాలాసార్లు మామూలు కంటే చీకటిగా కనిపిస్తుంది. బాక్స్ డబ్బా మీద డాల్బీ విజన్ అని, హెచ్‌డీఆర్10 అని ఎన్ని గుర్తులున్నా, టీవీకి ఆ శక్తి లేకపోతే ఆ గుర్తులు డబ్బాతోనే చెత్తబుట్టలోకి పోతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పరకాల దగ్గర మా చిన్నమ్మ వాళ్లింట్లో 50 అంగుళాల 4కె టీవీ కొన్నారు, దానికోసం ఒక షాపులో 4కె బాక్స్ అని చెప్పి అమ్మినదే తెచ్చుకున్నారు. బాక్స్ పేరు, షాపు పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇది ఒక్కరి తప్పు కాదు. షాపులో పెట్టి చూపించినప్పుడు బొమ్మ అద్దంలా ఉందట. ఇంటికొచ్చి పైసలు కట్టే యాప్‌లో సినిమా పెడితే, "ఏంది బిడ్డా, గింత పెద్ద టీవీ తెచ్చినం, బొమ్మేమో మబ్బు మబ్బుగ కొడుతంది" అని ఫోన్ చేసింది. పోయి చూశాను. కింద వచ్చే సబ్‌టైటిల్ అక్షరాలేమో చాలా స్పష్టంగా ఉన్నాయి, వాటి వెనక మనిషి ముఖం మాత్రం మసకగా, వెంట్రుకలన్నీ ఒకే ముద్దలా ఉన్నాయి. అక్షరాలను బాక్స్ తనే గీస్తుంది, బొమ్మ యాప్ దగ్గర్నుంచి వస్తుంది, కాబట్టి బొమ్మే తక్కువ వస్తోందని అక్కడే అర్థమైపోయింది. వెంటనే యూట్యూబ్‌లో ఒక 4కె వీడియో పెట్టి, సెట్టింగ్స్ గుర్తు నొక్కి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఆన్ చేశాను, మూలన వచ్చిన చిన్న నల్ల పెట్టెలో 3840, 2160 అనే ఉంది. టీవీ మంచిదే, నెట్టు మంచిదే. తర్వాత ప్లేస్టోర్ నుంచి డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ దించి తెరిస్తే వైడ్‌వైన్ దగ్గర ఎల్3 అని చూపించింది. సమస్య అదే.

ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త విడమరచి చెప్తాను. సినిమాల యాప్‌లు తమ వీడియోను ఎవరూ కాపీ చేయకుండా తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్ బాక్సుల్లో ఆ తాళం గూగుల్ వాళ్ల వైడ్‌వైన్. అందులో ఎల్1 అంటే తాళం తీసే పని, బొమ్మ తయారుచేసే పని రెండూ చిప్ లోపలే, బయటివాళ్లు చొరబడలేని చోట జరుగుతాయి. ఎల్3 అంటే ఆ పనంతా మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. ఎల్3 ఉన్న బాక్సును నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు నమ్మవు, 480పి మాత్రమే ఇస్తాయి. అంటే నాలుగు లక్షల చుక్కలు. 83 లక్షలకు డబ్బు కట్టి నాలుగు లక్షలు తెచ్చుకున్నట్టు, ఇరవయ్యో వంతు. పోనీ ఎల్1 ఉంటే చాలా అంటే అదీ కాదు, నెట్‌ఫ్లిక్స్ ఒక్కో మోడల్‌ను విడిగా పరీక్షించి ఒప్పుకుంటేనే హెచ్‌డీ, 4కె ఇస్తుంది. యూట్యూబ్‌లో మామూలు వీడియోలకు ఈ తాళం లేదు, పెన్‌డ్రైవ్‌లో ఉన్న వీడియోకు అసలే లేదు. షాపులో ఎప్పుడు చూసినా యూట్యూబ్‌లో సముద్రాలు, పక్షులు, లేదంటే పెన్‌డ్రైవ్‌లోని డెమో వీడియో పెట్టి చూపిస్తారు చూడండి, అవి చూసి మనం బాక్స్ బ్రహ్మాండం అనుకుంటాం. షాపులో ఉన్న పిల్లగాడిని అడిగితే "4కె అని డబ్బా మీదే ఉంది కద సార్" అంటాడు. అతన్ని తప్పుపట్టలేను, అతనికీ ఎవరూ చెప్పలేదు. డబ్బా తయారుచేసినవాళ్లకు మాత్రం తెలుసు.

బాక్స్ దగ్గరే ఆగదు. పైసలు కట్టే యాప్‌లలో 4కె రావాలంటే బాక్స్ నుంచి టీవీ దాకా మధ్యలో ఉన్న ప్రతి వస్తువుకూ హెచ్‌డీసీపీ 2.2 ఉండాలి, అది వైరులో పోయే బొమ్మను కాపీ చేయనివ్వని తాళం. కొన్ని 4కె టీవీల్లో అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులు ఒకటి కావు, ఒక పోర్టులోనే పూర్తి 4కె వస్తుంది, మిగతావాటిలో తగ్గుతుంది. మధ్యలో పాత సౌండ్‌బార్ గుండా వైరు తిప్పినా పని చెడుతుంది. హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 4కె బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది, 60 కావాలంటే 2.0 కావాలి. తర్వాత ప్లాన్. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబర్‌లో ధరలు తగ్గించినప్పుడు పెట్టిన లెక్క ప్రకారం 149 రూపాయల మొబైల్ ప్లాన్‌కు 480పి, 199కి మొదట 480పి, తర్వాత 720పి, 499కి 1080పి, 649కి 4కె. 199 ప్లాన్ కట్టుకుంటూ 4కె బాక్స్ మంచిదా, కాదా అని కొట్లాడుకునే ఇళ్లు మా కాలనీలోనే ఉన్నాయి. వాళ్లకు ఏ బాక్స్ పెట్టినా వచ్చేది 720పినే, ఆ సంగతి బాక్స్ అమ్మేవాళ్లు ఒక్క ముక్క చెప్తే వాళ్లు వేరే నిర్ణయం తీసుకునేవాళ్లు.

నెట్ స్పీడు గురించి పెద్దగా రాయను, ఫైబర్ ఉన్న ఇంటికి అది సమస్యే కాదు. 720పికి సెకనుకు 3 మెగాబిట్లు, 1080పికి 5, 4కెకి 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ చెప్తుంది, హనుమకొండలో చవక ఫైబర్ ప్లాన్‌కు కూడా అంతకంటే ఎక్కువే వస్తుంది. సమస్యంతా ఫైబర్ రాని ఊళ్లది. ములుగు, భూపాలపల్లి వైపు పల్లెల్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని టీవీ చూసే కుటుంబాలున్నాయి, రోజుకు వాళ్లకు దొరికేది ఒకటిన్నర, రెండు జీబీలు. 4కెలో గంటకు 7 జీబీల దాకా ఖర్చవుతుంది. అంటే సినిమాలో పేర్లు పడి, మొదటి పాట వచ్చేలోపే ఆ రోజు డేటా అయిపోతుంది. వీళ్లకు కావాల్సిన ఫీచర్ 4కె కాదు, బొమ్మ ఇంతకంటే పెరగొద్దు అని బాక్స్ మొత్తానికి ఒకేసారి కట్టడి పెట్టే డేటా సేవర్. అది కొన్ని బాక్సుల్లో ఉంది, కొన్నింటిలో లేదు, ప్రకటనల్లో దాని ఊసే ఎత్తరు. వ్యాసం రాసినవారు కూడా ఎత్తలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం, ఈ పంచాయితీలో ఎవరూ మాట్లాడని విషయం: ఫ్రేములు, అంటే సెకనులో తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే బొమ్మలు. మన ఇళ్లలో పెద్ద టీవీ కొనడానికి కారణం చాలాసార్లు క్రికెట్. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. వీడియో సెకనుకు 25 ఫ్రేములైతే ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య బంతి ఒకటిన్నర మీటరు దూకేస్తుంది. 50 ఫ్రేములైతే ముప్పావు మీటరే. పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20 మీటర్ల పైచిలుకు, అంతలో బంతి కనిపించేది 25 ఫ్రేముల్లో పన్నెండు పదమూడు చోట్ల, 50 ఫ్రేముల్లో ఇరవై ఐదు చోట్ల. బంతి పడ్డాక లోపలికి తిరిగిందా, బయటికి పోయిందా అని కంటికి తెలియాలంటే ఫ్రేములు కావాలి, చుక్కలు నాలుగింతలు చేస్తే అది తెలియదు. 25 ఫ్రేముల 4కె కంటే 50 ఫ్రేముల 1080పిలో మ్యాచ్ ఎంతో బాగుంటుంది. నమ్మనివాళ్లు ఒకే మ్యాచ్‌ను రెండు రకాలుగా పక్కపక్కన పెట్టుకుని చూడండి.

అక్కడితో అయిపోలేదు. మన దేశంలో టీవీ ప్రసారాలు 25, 50 లెక్కలో నడుస్తాయి, సినిమాలేమో సెకనుకు 24 ఫ్రేములు. బాక్సులు మాత్రం డబ్బాలోంచి తీసి పెట్టగానే చాలావరకు 60 లెక్కలో బొమ్మ పంపుతాయి. 50ని 60లో ఇరికించాలంటే ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు చూపించాలి, అందుకే బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి వెంట కెమెరా బౌండరీ దాకా పోతున్నప్పుడు బొమ్మ సన్నగా కుదుపు కుదుపుగా ఉంటుంది. 24ని 60లో పెట్టాలంటే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు, మళ్లీ రెండు, మళ్లీ మూడు. సినిమాలో కెమెరా మెల్లగా పక్కకు తిరిగినప్పుడు గోడలు, స్తంభాలు తడబడుతున్నట్టు కనిపించేది అందుకే. చాలామంది ఇది నెట్ ప్రాబ్లం అనుకుని ఫైబర్ వాళ్లకు ఫోన్ చేసి తిడతారు. కొన్ని బాక్సుల సెట్టింగుల్లో మ్యాచ్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే, యాప్ కూడా ఒప్పుకుంటే, వీడియో ఎంతలో ఉంటే బాక్స్ అంతలోనే పంపుతుంది, కుదుపు పోతుంది. ఇన్ని వేలు పోసి టీవీ కొన్న మనిషికి ఈ ఒక్క సెట్టింగు ఉందో లేదో డబ్బా మీద రాయకపోవడం నాకు నిజంగా అన్యాయం అనిపిస్తుంది.

ఇక రోజూ చేతిలో నలిగే విషయాలు. రోజూ విసిగించేది రిజల్యూషన్ కాదు, బాక్స్ నత్తనడక. 1 జీబీ ర్యామ్ ఉన్న బాక్సులో ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు పోవాలంటే రిమోట్ నొక్కి చూస్తూ కూర్చోవాలి, కనీసం 2 జీబీ లేనిదే కొనకండి అని నేను అందరికీ చెప్తాను. స్టిక్ రకం వాటికి కరెంటు టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు నుంచి ఇస్తుంటారు, మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్, స్టిక్‌కు కావాల్సింది ఒక ఆంపియర్ దాకా. సినిమా మధ్యలో దానంతటది ఆగి మళ్లీ మొదలవుతుంటే చాలాసార్లు కారణం ఇదే, దాంతో పాటు ఇచ్చిన అడాప్టర్ పెడితే సర్దుకుంటుంది. మన దగ్గర మే నెల ఎండలు 44, 45 డిగ్రీలు దాటుతాయి, టీవీ వెనక గోడకు అతుక్కుని ఉన్న బాక్స్ ఆ వేడికి తనంతట తను వేగం తగ్గించుకుంటుంది. రామగుండం, మంచిర్యాల వైపు వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. హెచ్‌డీఎంఐ చిన్న వైరు ఒకటి పెట్టి బాక్సును టీవీ వెనక నుంచి పక్కకు తీస్తే కొంచెం ఊపిరి ఆడుతుంది. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో చూసుకోండి, అయితే అది గోడలు దాటి పోవడంలో బలహీనం, మందం గోడల పాత ఇళ్లలో రౌటర్ ఒక గదిలో, టీవీ ఇంకో గదిలో ఉంటే లాన్ వైరు పెట్టుకునే వీలున్న బాక్సే మేలు.

తెలుగు గురించి కూడా రాయాలి. మా అమ్మకు ఇంగ్లిష్ అక్షరాలు రావు. సినిమా పేర్లు, మెనూలు అన్నీ ఇంగ్లిష్‌లో ఉంటే ఆమెకు రిమోట్‌లో పనికొచ్చేది మైకు బటన్ ఒక్కటే. "బతుకమ్మ పాటలు పెట్టు" అంటే పెడుతుంది, మేడారం జాతర లైవ్ అంటే తెస్తుంది, ఆ ఒక్కదానితో ఆమె రోజంతా ఎవరినీ అడగకుండా తన ఇష్టం వచ్చింది చూసుకుంటోంది. నాకు ఇది 4కె కంటే పెద్ద ఫీచర్. కానీ అన్ని బాక్సులూ తెలుగు మాటను ఒకేలా అందుకోవు, షాపులో పోరగాడు ఇంగ్లిష్‌లో మాట్లాడి చూపిస్తే నమ్మి రావద్దు, ఇంట్లో పెద్దవాళ్లను తోలుకపోయి వాళ్లు మాట్లాడే తీరులోనే మాట్లాడించి చూడండి. సబ్‌టైటిల్ అక్షరాల సైజు పెంచుకునే వీలుందా, పిల్లల ప్రొఫైల్‌కు పిన్ ఉందా, అవీ అక్కడే చూసుకోవచ్చు.

అన్ని ఓటీటీలు జీవితాంతం ఫ్రీ అంటూ అమ్మే పేరూ ఊరూ లేని బాక్సుల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ధర తక్కువ, డబ్బా మీద 8కె అని కూడా ఉంటుంది. ఇలాంటి చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లో ముందే వైరస్ పెట్టి అమ్ముతున్నారని, ఇంటి నెట్‌వర్క్‌ను దొంగ పనులకు వాడుకుంటున్నారని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక ఇచ్చింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అంటారు దాన్ని. మరుసటి నెల గూగుల్ దాని వెనక ఉన్నవాళ్ల మీద అమెరికా కోర్టులో కేసు వేసింది, కోటికి పైగా పరికరాలకు సోకిందని చెప్పింది. గూగుల్ పరీక్షించి ఇచ్చే ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ లేని బాక్సులే ఇందులో ఉన్నాయి. అదే వైఫై మీద మనం ఫోన్లో యూపీఐ చేస్తాం, బ్యాంకు పనులు చూసుకుంటాం. దయచేసి వాటి జోలికి పోకండి.

ఈ చుక్కల కొట్లాట కొత్తదేం కాదు. 2010లో వచ్చిన ఆపిల్ టీవీ బాక్స్ 720పి, 2012లో 1080పి, 2017లో 4కె అయింది, ప్రతిసారీ ఇంత అవసరమా అని ఒకరు, ఇది లేకుండా ఎలా అని ఒకరు వాదించుకున్నారు. బాక్స్ ఎన్నాళ్లు పనికొస్తుందన్నది మాత్రం చుక్కలను బట్టి తేలదు, అప్‌డేట్లను బట్టి తేలుతుంది. 2013లో వచ్చిన మొదటి క్రోమ్‌కాస్ట్‌కు (టీవీకి తగిలించే గూగుల్ స్ట్రీమింగ్ పరికరం) గూగుల్ 2023లో మద్దతు ఆపేసింది, పదేళ్లు నడిచింది. మన దగ్గర అమ్మే కొన్ని బాక్సులకు కొన్న రోజు తర్వాత ఒక్క అప్‌డేట్ కూడా రాదు, కొన్నాళ్లకు యాప్‌లు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తాయి, బాక్స్ మాత్రం చెడిపోదు కాబట్టి వారంటీ అడగడానికీ ఉండదు.

కాబట్టి ఎడిటర్ గారూ, నేను అడిగేది ఇది. ఫ్రిజ్, ఏసీ కొంటే కరెంటు ఎంత కాలుతుందో చెప్పే స్టార్ లేబుల్ తప్పనిసరిగా అతికించి ఉంటుంది, చదువు రానివాళ్లు కూడా నక్షత్రాలు లెక్కపెట్టుకుని కొంటారు. స్ట్రీమింగ్ బాక్స్ డబ్బా మీద కూడా అలాంటిదొకటి ఉండాలి, తెలుగులో ఉండాలి. పైసలు కట్టే యాప్‌లు ఒక్కొక్కటి ఈ బాక్సులో ఎంత రిజల్యూషన్ దాకా ఆడతాయి, వైడ్‌వైన్ ఎల్1నా ఎల్3నా, ఫ్రేమ్ రేట్ మార్చుకుంటుందా, ర్యామ్ ఎంత, అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారు. ఇవి కంపెనీకి తెలియని రహస్యాలేమీ కావు, అచ్చువేయడానికి అర చదరపు అంగుళం చాలు. సెట్ టాప్ బాక్సులకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలని 2012లోనే ఉత్తర్వు వచ్చింది, కానీ అది చూసేది షాక్ కొట్టకుండా, మంటలు రాకుండా ఉందా అని మాత్రమే. బొమ్మ సంగతి ఎవరూ చూడట్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర అథారిటీకి ఉంది. మోసపోయామనుకునేవాళ్లు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. బిల్లు, డబ్బా పారేయకండి, డీఆర్ఎం ఇన్ఫోలో ఎల్3 అని వచ్చిన తెరను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

మా చిన్నమ్మ బాక్సును షాపు వాళ్లు మొదట తీసుకోనన్నారు. డబ్బా మీద ఉన్నదీ, తెర మీద వచ్చిందీ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించాక, మరో పెద్దమనిషి కల్పించుకుంటే, కొంత కలిపి కట్టించుకుని వేరేది ఇచ్చారు. అందరి తరఫున ఎవరో ఒకరు పోయి ఇలా వాదించలేరు. అందుకే మీ పత్రికను అడుగుతున్నాను. మీ రిపోర్టర్ ఒకరు హనుమకొండ చౌరస్తాలో, వరంగల్ జేపీఎన్ రోడ్డులో అమ్మే బాక్సులు ఓ పది తెప్పించి, ఒకే టీవీకి, ఒకే నెట్టుకు పెట్టి, ఏ యాప్‌లో ఎంత వస్తుందో పట్టిక వేయండి. పేర్లతో వేయండి. దసరాకు ఆఫర్ల ప్రకటనలు మొదటి పేజీ నిండా వస్తాయి కదా, వాటికంటే వారం ముందు ఈ పట్టిక వస్తే, కొనేవాళ్లు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని షాపుకు పోతారు. కొలవడానికి మనిషి కావాలంటే సెలవు రోజుల్లో నేనూ, మా స్కూల్ సైన్స్ క్లబ్ పిల్లలూ వస్తాం.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచర్,
హనుమకొండ